వితంతు పునర్వివాహం: షరీఅత్ ఆజ్ఞ, సమాజం కట్టుబాటు

భర్త చనిపోయిన స్త్రీకి ఇద్దత్ ఎంతకాలం అని అడిగితే, మన ఇళ్ళలో చదువురాని వృద్ధురాళ్ళు సైతం 'నాలుగు నెలల పది రోజులు' అని తడుముకోకుండా చెబుతారు. ఆ గడువు పూర్తయిన మరునాడు ఆమె ఏం చేయవచ్చు అన్న ప్రశ్నకు మాత్రం చాలామంది మౌనం వహిస్తారు. గడువును పెట్టిన ఆయత్‌లోనే (అల్ బఖర 234) దానికి జవాబు ఉంది. గడువు ముగిశాక ఆమె తన విషయంలో ధర్మసమ్మతంగా ఏ నిర్ణయం తీసుకున్నా సంరక్షకులపై దోషం లేదని అల్లాహ్ సెలవిచ్చాడు. ఆయత్‌లో మొదటి సగాన్ని మనం ఆచరిస్తున్నాం, రెండో సగాన్ని పక్కన పెట్టేశాం.

ఎందుకిలా జరిగింది? షరీఅత్ దీన్ని నిషేధించలేదు. దేశ చట్టమూ నిషేధించలేదు. అడ్డుపడేది 'నలుగురు ఏమనుకుంటారో' అన్న భయం. ఈ కట్టుబాటు ఏ కితాబులోనూ రాసి ఉండదు, దానికి ఖాజీ ఉండడు, జరిమానా ఉండదు. పెళ్ళింట్లో ఒక చూపు, 'ఇంకా కఫన్ తడి ఆరలేదు' అన్న ఒక మాట చాలు. చిత్రమేమిటంటే, విడిగా అడిగితే మామగారూ, ఆడపడుచూ, ఆమె సొంత తమ్ముడూ 'పాపం చిన్న వయసు, చేస్తే బాగుండు' అనే అంటారు. మిగతావాళ్ళు ఒప్పుకోరేమోనని ప్రతి ఒక్కరూ నోరు మూసుకుంటారు. ఇలా ఎవరికీ ఇష్టంలేని ఆచారం అందరి భుజాల మీదా నిలబడి ఉంటుంది.

భార్య పోయిన మగవాడికి ఈ కట్టుబాటు వర్తించదు. నలభై రోజులు కాకముందే 'పిల్లల్ని ఎవరు చూస్తారు?' అంటూ పైగామ్‌లు వస్తాయి. అదే పిల్లల పేరు చెప్పి స్త్రీని ఆపుతారు!

దైవప్రవక్త (సల్లం) కాలంలో జరిగిన ఒక సంఘటనను బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలూ నమోదు చేశాయి. హజ్రత్ సుబైఆ అస్లమియా (రజి) భర్త సఅద్ బిన్ ఖౌలా (రజి) బద్ర్ యోధుడు. హజ్జతుల్ విదా సందర్భంలో, హిజ్రీ 10లో, మక్కాలో మరణించారు. అప్పుడామె గర్భవతి. కొద్ది రోజులకే ప్రసవించారు. పురుటి స్థితి నుండి కోలుకున్నాక, సంబంధాలు రావచ్చన్న ఉద్దేశంతో చక్కగా అలంకరించుకున్నారు. అబుస్సనాబిల్ (రజి) అనే ఆయన అది చూసి, పెళ్ళి ఆలోచనలో ఉన్నావా, నాలుగు నెలల పది రోజులు గడిచేదాకా కుదరదు అని గట్టిగా అభ్యంతరం చెప్పారు.

ఆమె చేసిన పని గమనించదగ్గది. ఆయనతో వాదులాడలేదు, సిగ్గుపడి మూలన కూర్చోలేదు. సాయంత్రం కాగానే దుస్తులు సవరించుకొని నేరుగా దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వెళ్ళి అడిగారు. ప్రసవంతోనే నీ గడువు ముగిసింది, ఇష్టమైతే పెళ్ళి చేసుకోవచ్చు అని ఆయన (సల్లం) తీర్పు చెప్పారు. గర్భవతి అయిన వితంతువు ఇద్దత్ ప్రసవంతో ముగుస్తుందన్న మసలాకు నేటికీ ఈ హదీసే ఆధారం. ఒక స్త్రీ, తనకు చెప్పిన మాట నిజంగా దీన్ అవునా కాదా అని విచారించినందువల్ల ఉమ్మత్ మొత్తానికి ఈ వెసులుబాటు స్పష్టమైంది. ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి మువత్తాలో మరో వివరం ఉంది. ఆమెకు ఇద్దరి నుండి సంబంధాలు రాగా ఆమె మనసు యువకుని వైపు మొగ్గింది. ఇంకా గడువు తీరలేదని అన్నది రెండో ఆయనే. ఊళ్ళో లేని ఆమె పెద్దలు తిరిగివస్తే తనకే ఇస్తారని ఆయన ఆశించారట. అభ్యంతరం చెప్పేవారి మాటల్లో దీన్ ఎంత, సొంత ఆలోచన ఎంత అన్నది అప్పుడప్పుడు తరచి చూడాలి.

కట్టుబాటును పట్టుకున్నవాడు దాన్ని వదలడం ఎలాగో హజ్రత్ మఅఖిల్ బిన్ యసార్ (రజి) వృత్తాంతం చెబుతుంది. ఆయన చెల్లెలికి భర్త తలాఖ్ ఇచ్చి, ఇద్దత్ ముగిశాక మళ్ళీ పెళ్ళికి అడిగాడు. ఆమెకూ ఇష్టమే. కానీ అన్నకు పౌరుషం వచ్చింది. ఆదరించి ఇస్తే వదిలేశావు, ఇక ఎన్నటికీ ఇవ్వను అన్నాడు. అప్పుడు అల్ బఖర 232వ ఆయత్ అవతరించింది. ఇద్దత్ పూర్తయిన స్త్రీలు పరస్పర అంగీకారంతో నికాహ్ చేసుకోదలిస్తే ఆపవద్దని ఆజ్ఞ. అది వినగానే మఅఖిల్ (రజి) పౌరుషం పక్కనబెట్టి స్వయంగా నికాహ్ జరిపించారు.

మరి మనకు ఈ కట్టుబాటు ఎక్కడిది? అరబ్బులది కాదు. అజ్ఞాన కాలంలో వితంతువును ఏడాదిపాటు ఇరుకు గదిలో మురికి బట్టలతో ఉంచేవారు గానీ ఆ తర్వాత పెళ్ళి తప్పనేవారు కాదు. మన తెలుగుదేశంలోనూ ఎన్నో శ్రామిక కులాల్లో 'మారుమనువు' మామూలే. నిషేధం అగ్రవర్ణాల ఆచారం. వారిని చూసి, దాన్ని పాటించడమే షరాఫత్ అని మన పెద్దింటివారు భ్రమపడ్డారు. హజ్రత్ షా వలీవుల్లా దెహ్లవీ (రహ్మ, మరణం 1762) తన వసీయత్‌లోనే దీన్ని మనలో చేరిన దురాచారమని ఎండగట్టారు. వారి తర్వాత 1819 ప్రాంతంలో సయ్యద్ అహ్మద్ షహీద్ (రహ్మ) రాయ్‌బరేలీలో తన దివంగత సోదరుని భార్యను నికాహ్ చేసుకున్నారు. షా ఇస్మాయీల్ షహీద్ (రహ్మ) వితంతువైన తన అక్కకు మౌలానా అబ్దుల్ హై (రహ్మ) గారితో నికాహ్ చేయించారు. ముందు ఉపన్యాసం, తర్వాత ఎవరో చేస్తారులే అని వారు ఎదురుచూడలేదు, తమ ఇంటి నుండే మొదలుపెట్టారు.

చట్టం ఒక్కటే చాలదనడానికి మన గోదావరి తీరమే సాక్ష్యం. హిందూ వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో తొలి పునర్వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అంటే పాతికేళ్ళు. ఆ తర్వాత కూడా ఆ పెళ్ళిళ్ళకు తోడ్పడినవారు వెలివేతను ఎదుర్కోవలసి వచ్చింది. కట్టుబాటును కాదన్నవారికి మూల్యం ఉంటుంది, దాన్ని దాచి చెప్పడం నిజాయితీ కాదు. మన కుటుంబాల్లో వెలివేతలు లేవు, దావత్‌కు పిలవకపోవడం, వెనుక గుసగుసలు ఉన్నాయి. ఒంటరి స్త్రీ వాటిని మోయలేదు. అందుకే అల్లాహ్ (అన్నూర్ 32) జతలేని వారికి పెళ్ళి చేయండని సమాజాన్ని ఉద్దేశించి ఆజ్ఞాపించాడు. పైగామ్ తేవడం, మాట్లాడటం ఆమె పని కాదు, మన పని.

అయితే బలవంతం కూడదు. వివాహానుభవం గల స్త్రీ నికాహ్‌కు ఆమె స్పష్టమైన అనుమతి తప్పనిసరి. ఇమామ్‌లూ పండితులూ గౌరవించిన ఉమ్ముద్దర్దా (రహ్మ) భర్త పోయాక హజ్రత్ ముఆవియా (రజి) సంబంధాన్ని సైతం కాదన్నారు. అది ఆమె ఇష్టం. ఆ ఇష్టాన్ని ఆమెకు వదలడమే ఇక్కడ విషయం.

ఇక పిల్లల సంగతి. హజ్రత్ ఉమ్ము సలమా (రజి) కూడా దైవప్రవక్త (సల్లం) పైగామ్‌కు ఇదే చెప్పుకున్నారు, నాకు పిల్లలున్నారని. వారి బాధ్యత అల్లాహ్, ఆయన ప్రవక్తలదని జవాబు వచ్చింది. బిస్మిల్లాహ్ అని, కుడిచేత్తో, నీ ముందున్నది తిను అన్న హదీసు మన పిల్లలందరికీ వచ్చు. పళ్ళెంలో అటూ ఇటూ చేయి పెడుతున్న ఆ బాలుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి). ఉమ్ము సలమా (రజి) మొదటి భర్త కుమారుడు, తల్లితోపాటు ఆ ఇంటికి వచ్చినవాడు.

చివరగా ఒక మసలా, దీన్ని తెలియక కొందరు, తెలిసి కొందరు తప్పుగా చెబుతున్నారు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మొదటి భర్త ఆస్తిలో ఆమె హక్కు పోతుందన్నది పూర్తిగా అబద్ధం. మృతునికి సంతానం ఉంటే ఎనిమిదో వంతు, లేకుంటే నాలుగో వంతు భార్యది. అది ఆయన మరణించిన క్షణానే ఆమెది అయిపోయింది. చెల్లించని మహర్ ఉంటే అది ఆయనపై అప్పు. వారసులు పంచుకోక ముందే దాన్ని ఆమెకు ఇచ్చేయాలి, ఆమె మరో ఇంట ఉన్నా సరే.