నేల లెక్క

కృష్ణా డెల్టా మాగాణులలో సార్వా వరి కోతకు వచ్చే రోజులలో, చేను నిలిచి ఉండగానే ఆ పదునులో మినుములు చల్లడం వాడుకగా వస్తున్న పద్ధతి. వరి మోళ్ల నడుమ, నేలలో మిగిలిన తేమతో పెరిగే ఆ పైరుకు రైతు వేసే ఎరువు స్వల్పం. దాని వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందిస్తాయి. అయితే పల్లాకు తెగులు, బంగారుతీగ అనే కలుపు మినుమును పీడించడంతో గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో ఎందరో రైతులు 2000 తరువాతి సంవత్సరాలలో మొక్కజొన్న వైపు మొగ్గారు. దుక్కి దున్నకుండానే మోళ్ల మధ్య విత్తనం నాటే ఈ సాగు మంచి దిగుబడిని ఇచ్చింది. కాని నేల పక్షాన ఆలోచిస్తే, తన తిండి కొంత తానే సంపాదించుకొనే పైరు స్థానంలో మిక్కిలి ఆకలిగల పైరు వచ్చి కూర్చున్నది.

వరి, మొక్కజొన్న రెండూ గింజపంటలే అయినా అవి పెరిగే నేల స్థితులు పరస్పర విరుద్ధాలు. నీరు నిలిచిన వరిచేనిలో మట్టికి గాలి ఆడదు. అప్పుడు మట్టిలో బిగిసి ఉన్న భాస్వరం కొంత విడివడి వేళ్లకు అందుతుంది. నేల ఆరగానే అదే భాస్వరం మళ్లీ మట్టిని అంటిపెట్టుకొంటుంది. అందుచేత భాస్వరపు ఎరువును మొక్కజొన్నకు తప్పక వేసి, తరువాతి వరికి భూసార పరీక్షను బట్టి తగ్గించుకోవడం వివేకం. జింకు సంగతి ఇందుకు భిన్నం. నీటి అడుగున అది వేళ్లకు సరిగా అందదు. వరి ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపించడానికి తరచుగా ఇదే కారణం. భాస్వరం అతిగా వేస్తే ఈ లోపం ముదురుతుంది.

అన్నిటికంటె ఎక్కువగా మోసపుచ్చేది యూరియా. అది వేసిన కొద్ది దినాలకే చేను నిగనిగలాడుతుంది. ఆ పచ్చదనాన్ని చూచి పొరుగు రైతు కూడా మరొక బస్తా చల్లుతాడు. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం వచ్చినప్పుడు యూరియా ధర నియంత్రణలోనే ఉండి, భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరగడం ఈ అలవాటును బలపరచింది. నత్రజని మితిమీరితే వరి మెత్తబడి పడిపోతుంది, సుడిదోమ చేరుతుంది. మొక్కజొన్న వాడుకోగా మిగిలినదైనా నిలువ ఉంటుందా అంటే, ఉండదు. పొడినేలలో నైట్రేటుగా మారిన ఆ నత్రజనిలో చాలా భాగం సార్వాకు నీరు పెట్టగానే వాయురూపంలో ఎగిరిపోతుంది. ఇక 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని కూడా ఉంది. ఈ 9 కిలోలను యూరియా లెక్కలో మినహాయించాలన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని ఇంచుమించు 20.7 కిలోలే గదా!

వరి గ్రహించిన పొటాష్‌లో అధిక భాగం గింజలో గాక గడ్డిలో ఉంటుంది. గడ్డిని పశువులకు వేసి, పెంటను చేనికి తోలినప్పుడు అది తిరిగి నేలకు చేరుతుంది. గడ్డిని అమ్మితే ఊరు దాటిపోతుంది. తగులబెడితే పొటాష్ చాలావరకు బూడిదలో మిగిలినా, నత్రజని దాదాపు అంతా పొగతో పోతుంది. మొక్కజొన్న కోత తరువాత జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే నేలకు కొంత బలం చేకూరుతుంది. దానికి నలభై అయిదు దినాలు కావాలి. వేసవి చివర ఒక తడి అందుతుందా, తొలకరి వేళకు వస్తుందా అన్నదానిపైనే ఆ గడువు ఆధారపడి ఉంటుంది.