ధర్మం ముందు, అర్థం తరువాత: సత్యం కంపెనీ నేర్పిన పాఠం

ఆయుధపూజ నాడు మనం కారుకూ, కంప్యూటరుకూ బొట్టు పెట్టి దండం పెడతాం. ఆ కంప్యూటరు మీద చేసే పని ధర్మబద్ధమా కాదా అని ఆలోచించడం కూడా ఆ పూజలో భాగమే. ఐసెలిన్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న మనకు ఇది దూరపు ప్రశ్న కాదు. అందుకే ఈ దసరాకు మన హైదరాబాదు కథనే పాఠంగా తీసుకున్నాం.

జరిగినది

రామలింగరాజు గారు 1987లో సత్యం కంప్యూటర్స్ స్థాపించారు. మనవాళ్లు ఎందరో ఆ ఉద్యోగంతోనే అమెరికా వచ్చారు. 2005 ఆగస్టు 15న ఆయన చొరవతోనే 108 అంబులెన్సు సేవ మొదలైంది. 2009 జనవరి 7న ఆయనే ఒక ఉత్తరం రాశారు: లెక్కల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని! 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఆయనతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలు మీద ఆ శిక్షను నిలిపి బెయిలు ఇచ్చారు.

మూడు కొలతలు

1. ఫలితం: ఎక్కువమందికి మేలు జరిగితే మంచిపనే అంటారు కొందరు. 108 ఎన్నో ప్రాణాలు కాపాడింది, నిజమే. కాని వాటాదారుల పొదుపునూ, వేలాది ఉద్యోగుల దిగులునూ కూడా లెక్కలో వేయాలి కదా!

2. కర్తవ్యం: అందరూ చేస్తే నిలవని పని ఎవరూ చేయరాదన్నాడు కాంట్. అన్ని కంపెనీలూ దొంగలెక్కలు రాస్తే ఇక లెక్కలను నమ్మేదెవరు?

3. గుణం: అలవాటే గుణమవుతుందన్నాడు అరిస్టాటిల్. మొదట చిన్నదిగా ఉన్న తేడాయే ఏళ్ల తరబడి పెరిగిందని ఆ ఉత్తరంలోనే ఉంది.

కంపెనీ బాధ్యత లాభం సంపాదించడమేనని 1970లో వాదించిన ఫ్రీడ్‌మన్ కూడా మోసం లేకుండా అన్న షరతు పెట్టాడు. భారతదేశంలో 2013 నాటి కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలంటోంది. మంచిదే. అయితే ఆ లాభం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు దానం జవాబు కాదు. శౌచాలన్నిటిలో అర్థశౌచమే గొప్పదని మన పెద్దలు అన్నది ఇందుకే.

పిల్లలతో కలిసి ఆలోచించండి

• దొంగలెక్క సంగతి ముందే తెలిసిన ఉద్యోగి ఏం చేయాలి? వీసా కంపెనీ చేతిలో ఉంటే?
• దాత చేసిన తప్పు వల్ల 108 చేసిన మేలు తగ్గిపోతుందా?

అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.