చుక్కలను వెదకుచు పల్లెకు వచ్చువారు

గ్రామమునకు వీధిదీపము వచ్చిన దినము పండుగవంటిది. పామునకో తేలునకో జంకుచు చీకటిలో నడచిన పెద్దలకు దాని విలువ బాగుగా తెలియును. ఆ దీపములను నిర్వహించు బాధ్యత నేడు పంచాయతీలది. అయితే చీకటి కొరకే నగరమును విడిచి పల్లెలకు వచ్చువారు కూడ కలరు. వారు ఖగోళ శాస్త్రజ్ఞులు, ఆ శాస్త్రమునందు మక్కువగల ఔత్సాహికులు. వారెందులకు వత్తురో, అందు మనము నేర్వదగినదేమో విచారింతము.

మన ప్రాంతపు ఉదాహరణమునే చూడుడు. హైదరాబాదులో నిజామియా వేధశాల 1901లో నెలకొల్పబడెను. పిమ్మట బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరెను. నక్షత్రములను ఛాయాచిత్రములలో బంధించి వాని స్థానములను నిర్ణయించు అంతర్జాతీయ కార్యములో అది పాలుపంచుకొనెను. కాని నగరము పెరిగినకొలది దీపముల వెలుగు ఆకాశమునకు ప్రాకెను. అందుచే విశ్వవిద్యాలయమువారు 48 అంగుళముల క్రొత్త దూరదర్శినిని నగరమునకు 50 కిలోమీటర్లకు పైగా దూరమున, జపాల్, రంగాపూర్ గ్రామముల చెంత స్థాపించిరి. 1968లో అది పనిచేయ నారంభించెను. 1980 ఫిబ్రవరి 16వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అచ్చటినుండి పరిశీలించిరి. కాలక్రమమున నగరము ఆ దిశకును విస్తరించుటచే అచ్చటి ఆకాశము సయితము మునుపటివలె నిలువలేదు.

ఔత్సాహికుల బాధయు నిట్టిదే. వారు అమావాస్య సమీపమున ఒకచోట గుమిగూడి, ఎవరి దూరదర్శిని వారు నిలిపి, రాత్రియంతయు ఒకరికొకరు ఆకాశమును చూపుకొందురు. దీనిని తారా సమ్మేళన మనవచ్చును. కూడిన చోటునకు సమీపమున పెద్ద దీపములు వెలసినచో వారు మరియొక స్థలమును వెదకుకొనక తప్పదు.

దీపము నేలపైనుండగా ఆకాశమున కేమి నష్టమని ఎవరైన నడుగవచ్చును. కప్పులేని దీపపు వెలుగులో కొంత భాగము ప్రక్కలకు, పైకి పోవును. గాలిలోని ధూళి, ఆవిరి కణములు దానిని నలుదెసల వెదజల్లును. అప్పుడు ఆకాశము తెల్లబారి, మినుకు చుక్కలు దానిలో మునిగిపోవును. నీలిచాయగల తెల్లని వెలుగు పసుపుచాయ వెలుగుకంటె గాలిలో ఎక్కువగా చెదరును. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు అరగంట వరకు పట్టును. ఒక్క వాహనపు దీపము కంటబడినచో ఆ అలవాటు క్షణములో చెడును. పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపునపుడు, పందిరి విద్యుద్దీపముల నడుమ ఎందరికి ఆ చుక్క కనిపించుచున్నదో మీరే తలచుకొనుడు.

దీనికి ఉపాయము చూపిన గ్రామములు మన దేశమున కలవు. లడఖ్‌లోని హాన్లే సముద్రమట్టమునకు సుమారు 4,500 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట భారత ఖగోళ వేధశాల కలదు. దాని చుట్టునున్న ప్రదేశము 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడెను. అచ్చటి ప్రజలు దీపములకు కప్పులు, కిటికీలకు దట్టమైన తెరలు అమర్చుకొనిరి. గ్రామస్థులలో కొందరు దూరదర్శినులను నడుపుట నేర్చి, యాత్రికులకు ఆకాశమును చూపి ఆదాయము పొందుచున్నారు. 2023 నుండి అచ్చట తారా సమ్మేళనములును జరుగుచున్నవి. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యము 2024లో చీకటి ఆకాశ ఉద్యానముగా గుర్తింపు పొందెను. అందులకై పరిసర గ్రామములలో నూరింటికి పైగా దీపములను నేలవైపు వెలుగు పడునట్లు మార్చిరి.

ఇందువలన తేలున దేమనగా, చుక్కల కొరకు దీపముల నార్పనవసరము లేదు. వాని వెలుగును దారికి మరల్చిన చాలును. పంచాయతీలు ఈ క్రింది విషయములను గ్రామసభలో చర్చింపవచ్చును.

1. క్రొత్త దీపము వేయునపుడు వెలుగు క్రిందికి మాత్రమే పడునట్లు పైకప్పు అమర్చవలెను.

2. అవసరమునకు మించిన కాంతిని వాడరాదు. పసుపుచాయ దీపములు మేలు.

3. బావులు, మలుపులు, ఆసుపత్రి దారులవంటి ప్రమాదస్థలములలో దీపములను తగ్గింపరాదు. జనసంచారము లేని చోట్ల మాత్రము అర్ధరాత్రి తరువాత తగ్గించుటను ఆలోచింపవచ్చును.

4. ఔత్సాహికులు వచ్చినపుడు భూస్వామి సమ్మతితో, పంట కోసిన మెరక పొలమును చూపవలెను. సమీపమున గట్టులేని బావియున్నచో ముందే కంచె కట్టింపవలెను. త్రాగునీరు, మరుగుదొడ్లు ఏర్పరుపవలెను. వాహనములను దూరముగా నిలుపుడని కోరవలెను.

5. వచ్చినవారిని ఒక గంటసేపు పాఠశాల బాలబాలికలకు చంద్రుని గుంటలను, శనిగ్రహపు వలయములను చూపుమని అడుగవలెను. అమావాస్యకు చంద్రుడుండడు కావున, చంద్రదర్శనమునకు విదియ మొదలు అష్టమి వరకు గల సాయంకాలములు అనుకూలము.

చక్కగా అమర్చిన దీపము ఆకాశమునకు మేలు చేయుటయేగాక, వృథాయగు విద్యుత్తును, పంచాయతీ వ్యయమును కూడ తగ్గించును. కంటిలో సూటిగా పడని వెలుగులో దారియు స్పష్టముగా కనిపించును. నగరవాసులు ఇంధనము ఖర్చుచేసి వెదకుకొను ఆకాశము నేటికిని అనేక గ్రామములలో వాకిటనే కలదు. ఒకసారి తెల్లబారిన ఆకాశమును తిరిగి చీకటిచేయుట సాధ్యమే. కాని వేసిన దీపములన్నిటిని మార్చు వ్యయము భారము. మొదటి దీపమునకే కప్పు వేయుట సులభము. రాబోవు అమావాస్యనాడు మీ గ్రామపు చివరి దీపమును దాటి నిలిచి, పైకి చూడుడు. పాలపుంత కనిపించినచో, మీ పంచాయతీ కాపాడవలసిన ఆస్తులలో అదియు నొకటి యని గ్రహింపుడు.