లక్కమ్మ తిప్పి పంపిన బియ్యము

పన్నెండవ శతాబ్దమున కల్యాణమునకు వచ్చి చేరిన శరణ దంపతులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మలు ప్రసిద్ధులు. రాయచూరు ప్రాంతపు అమరేశ్వరము వారి స్వస్థలము. కన్నడమున ‘ఆయ్దక్కి’ యనగా ఏరిన బియ్యము. నేల రాలిన గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి జంగమ దాసోహము నడుపుట ఆ యిరువురి వ్రతము. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. వారిని పరీక్షింపదలచి బసవేశ్వరుడే గింజలను ఎక్కువగా రాలునట్లు చేయించెనని సంప్రదాయము చెప్పును. లక్కమ్మ చూచిన వెంటనే తేడాను గుర్తించెను. అత్యాశ శివభక్తుల యింటికి తగదని భర్తతో చెప్పి, మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను.

ఈ కథను కాయక ధర్మమునకు ఉదాహరణముగా చెప్పుట వాడుక. అది సరియైనదే. కాని ఇది నడివయసు దాంపత్యమునకు సంబంధించిన పాఠము కూడ. ఆ వైపు నుండి దీనిని చదువువారు అరుదు.

మారయ్య ఆనాడు నోరు తెరచి అసత్యమాడలేదు. లక్కమ్మ కూడ ఇరుగుపొరుగును విచారింపలేదు. దినదినము చేతితో కొలిచిన ఇల్లాలికి పిడికెడు గింజలు ఎక్కువైనను తెలియును. చిరకాలము కలసి కాపురము చేసినవారి నడుమ రహస్యములు బయటపడు తీరు సాధారణముగా ఇదియే. ఎవరో వచ్చి చెప్పుటచేత కాక, కొలత మారుటచేత తెలియును. తెలిసిన పిమ్మట లక్కమ్మ ఆ మాటను భర్తతోనే పలికెను. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఆమె తిప్పి పంపినది బియ్యమును, మారయ్యను కాదు. ఆమె వచనములకు అంకితము ‘మారయ్యప్రియ అమరేశ్వరలింగ’ యనునది. భర్తను నిలువదీసిన ఇల్లాలే తన దైవమును భర్త పేరు చేర్చి పిలుచుకొనెను.

పిడికెడు బియ్యమునకును, దాంపత్య ద్రోహమునకును పోలిక యేమని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. అందుకు ఒక కుటుంబమును ఊహించి చూడుడు. వివాహమై ఇరువదియేండ్లు దాటినవి. పెద్ద కుమార్తెకు సంబంధములు చూచుచున్నారు. కుమారుడు కళాశాలలో చదువుచున్నాడు. దుకాణపు లెక్కలలో ప్రతినెలయు కొంత పైకము తరుగుచున్నది. ఎన్నడును లేనిది, సెల్‌ఫోను మ్రోగినచో ఇంటి యజమాని వాకిటిలోనికి పోయి మాటలాడి వచ్చుచున్నాడు. కొంతకాలమునకు ఇల్లాలికి సంగతి తెలిసినది. పొరుగూరిలో మరియొక స్త్రీ కలదు. ఆమెకు ఆరేండ్ల బిడ్డయు కలదు. ఇప్పుడు నోరెత్తినచో కుమార్తె సంబంధము చెడునని తల్లి భయము. అందుచేత ఆమె గొంతు నొక్కుకొని ఊరకుండెను. ఆ క్షణము నుండి ఆ రహస్యము ఒకరిది కాదు, ఇరువురిది. దాచినవాడు ఒక వైపున, తెలిసియు తెలియనట్లు వడ్డించుచున్నామె మరియొక వైపున. పిల్లలు నడుమ కూర్చుండి భోజనము చేయుచున్నారు. వారికి సంగతి తెలియకపోయినను, పళ్లెము పెట్టు చప్పుడులోని తేడా తెలియకపోదు.

దాచువారు పురుషులే యనుకొనరాదు. కుమారుని అప్పులు తీర్చుటకు తల్లి తన బంగారమును తాకట్టుపెట్టి, పెళ్లిళ్లకు గిల్టు నగలతో పోయి వచ్చు ఇండ్లును కలవు. భర్త కోపిష్ఠి గనుక చెప్పలేదని ఆమె సమాధానము. ఆ సమాధానమున కొంత నిజముండును. అయినను, తండ్రికి తెలియకుండ గడచిన ప్రతి సంవత్సరమును ఆ కుమారునకు ఒక విద్యను నేర్పుచున్నది: ఈ యింటిలో అమ్మతో ఒక మాట, నాన్నతో ఒక మాట అను విద్య.

బసవేశ్వరుడు అంతరంగ శుద్ధికి, బహిరంగ శుద్ధికి ఏడు విషయములను విధించెను. దొంగతనము, హింస, అసత్యము, కోపము, పరుల యెడ ఏవగింపు, ఆత్మస్తుతి, పరనింద – ఈ ఏడును విడువవలెను. ఈ జాబితాను దంపతుల కలహము నడుమ నుంచి చూచినచో ఒక విశేషము కనిపించును. మొదటి మూడును ద్రోహము చేసినవానిని పట్టుకొనును. అతడు ఇంటి ధనమును, భార్య నమ్మకమును దొంగిలించెను, ఆమె మనస్సును హింసించెను, అసత్యమాడెను. మిగిలిన నాలుగును ద్రోహమునకు గురియైనవారి వాకిట కాచుకొని యుండును. కోపము వచ్చును. ఆ మనిషిని చూచినచో ఏవగింపు కలుగును. ‘నేను మాత్రము ఏనాడును గీత దాటలేదు’ అను ఆత్మస్తుతి మొలచును. కడకు పిల్లల యెదుటనే తండ్రిని, లేదా తల్లిని, నిందించుట అలవాటగును. తప్పు ఒకరిది, శిక్ష మరియొకరికా యని కోపింపవలదు. ఇంటిలో పుట్టిన నిప్పు ముందుగా ఆ యింటినే కాల్చునని కోపమును గురించి బసవన్నయే హెచ్చరించెను. ఆ మాటలు ఏ అపరాధియు లేని ఇంటికి చెప్పినవి కావు.

భర్తలు మరువరాని సంగతి ఒకటి శరణ తత్త్వమునందు కలదు. ‘శరణసతి–లింగపతి’ యను భావమున భక్తుడు పురుషుడైనను తాను సతి, లింగమే పతి. ఇష్టలింగమును కరతలమున నుంచి పూజించు ప్రతి పురుషుడును దినమునకొక పర్యాయమైనను భార్య స్థానమున నిలుచుచున్నాడన్నమాట. పాతివ్రత్యమును స్త్రీల నోములకు వదలివేయుటకు వీరశైవునకు వీలులేదు. పరధనమును, పరసతిని వర్జించు నియమమును శరణులు పదే పదే జ్ఞాపకము చేసిరి. అది పురుషులకు వర్తించు నియమమే. స్త్రీకిని పురుషునకువలెనే లింగదీక్ష కలదు. ఆమె మెడలోని లింగము ఆమెది, భర్తది కాదు. కనుక ఆమె క్షమించుటయు, క్షమింపకుండుటయు ఆమె నిర్ణయమే. అత్తగారు గాని, పుట్టినింటివారు గాని ఆమె తరఫున ‘క్షమించితిమి’ అని పలుక వీలులేదు.

ఇక తిప్పి పంపుట యనగా నేమి? లక్కమ్మ కథలో క్షమకు ముందు ఒక పని జరిగినది. ఎక్కువైన బియ్యము తెచ్చినచోటికి పోయినది. మారయ్యయే మోసికొనిపోవలసి వచ్చెను. ఆ పని జరుగకుండ ‘పోనిమ్ము, ఇకమీదట తేకుము’ అని ఆమె ఊరకున్నచో ఆ పూట బియ్యము ఉడికెడిదే. ఆ యింటి దాసోహము మాత్రము చెడెడిది. మన గృహములలో క్షమ యనుపేర జరుగుచున్నది చాలవరకు ఈ ఉడికించుటయే. తప్పు చేసినవాడు సగము చెప్పును. ఇల్లాలు కన్నీరు తుడుచుకొనును. పెద్దలు తాంబూలము పుచ్చుకొని లేచిపోవుదురు. మిగిలిన సగము ఆరునెలలకు మరియొకరి నోట బయటపడును. మొదటి ద్రోహముకంటె ఈ రెండవది మనస్సును ఎక్కువగా విరుచును. సత్యమును చెప్పదలచినవారు ఒకే పర్యాయము, సంపూర్ణముగా చెప్పవలెను. దాచిన లెక్కల పుస్తకములు, బ్యాంకు కాగితములు భార్య చేతికి రావలెను. సంబంధము ఆగవలెను. ఇవి మారయ్య మోసికొనిపోవలసిన మూట. లక్కమ్మ దానిని మోయదు.

అయితే బియ్యమువలె తిప్పి పంపుటకు వీలులేనిది ఒకటి ఈ ఊహాగృహమున కలదు. అది ఆ ఆరేండ్ల బిడ్డ.

ఇచ్చట శాస్త్రచర్చ ఆగి హృదయము పరీక్షకు నిలుచును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ తెలుగువారికి సుపరిచితము. శివునకు తల్లి లేదుగదా, తల్లి యున్నచో ఆయన నిట్లు బూడిద పూసికొని తిరుగనిచ్చునా యని ఆ భక్తురాలు దుఃఖించి, తానే ఆయనకు తల్లియై సాకెను. కనకయే తల్లి యగుట ఆ కథలోని సౌందర్యము. ఎదుట నిలిచినవానిని పరాయివానిగా నెంచి విచారణ చేయక, తమ యింటి బిడ్డగా భావింపవలెనని బసవేశ్వరుడును బోధించెను. ఆ బోధను సభలలో కుల విషయమున ఉదాహరించుట సులభము. భర్త చేసిన ద్రోహమువలన పుట్టిన బిడ్డ వాకిట నిలుచున్నప్పుడు ఒక భార్య ఆ బోధను తలచుకొనుట కఠినము. ఆమె ఆ బిడ్డను ఒడిలోనికి తీసికొని తీరవలెనని శాసించు అధికారము ఎవ్వరికిని లేదు. కాని ఆ బిడ్డపై కసి తీర్చుకొనుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు. వాని తిండికి, చదువుకు తండ్రి బాధ్యుడు. ఆ పైకమును ఆపివేయించుటయే విజయమని భార్య భావించినచో, భర్త చేసిన తప్పునకు ఒక పసివాడు జరిమానా చెల్లించుచున్నాడని అర్థము.

చట్టమును ఈ వైపుననే నిలిచియున్నది. వివాహము లేక కలిగిన మైనరు బిడ్డకు సైతము తండ్రి పోషణ నీయవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను విధించెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనునందు అదే విధిని నిలిపినది. చెల్లని రెండవ వివాహమువలన కలిగిన బిడ్డలకు తల్లిదండ్రుల ఆస్తిలోను, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆ తండ్రి వంతునకు వచ్చు భాగములోను హక్కు కలదని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 1న తీర్పు చెప్పెను. ఆ కుటుంబములోని ఇతరుల వంతులపై వారికి హక్కు లేదని కూడ చెప్పెను. ఇట్టి సంగతిని దాచి కుమార్తె వివాహము జరిపి, తండ్రి మరణించిన పదునొకండవనాడు అన్నదమ్ములు కోర్టుల పాలగుటకంటె, ఆయన జీవించియుండగనే వాటాలను వ్రాసియుంచుట మేలు.

ఇంటి పిల్లలకు చెప్పవలెనా యని తల్లులు అడుగుదురు. పసివారికి పెద్దల పాపముల వివరములు అక్కరలేదు. పదునెనిమిదేండ్లు నిండిన కుమార్తెకు, కుమారునకు మాత్రము ఊరివారు చెప్పుటకంటె ముందు ఇంటివారు చెప్పుట మంచిది. చెప్పవలసినవాడు తప్పు చేసినవాడే. సాధారణముగా తల్లి చెప్పును, తండ్రి మేడమీదికి పోవును. ఆ తరువాత పిల్లలు న్యాయాధిపతులగుదురు, లేదా వార్తాహరులగుదురు. ‘మీ నాయనతో చెప్పుము’ అను మాట మొదలైన ఇంటిలో ఆ బిడ్డకు బాల్యము ముగిసినట్లే. కుమార్తెకు తల్లి చేయగల ఉపకారము, తండ్రిని ద్వేషింపుమని ఆమెను అడుగకుండుట. తండ్రిని ప్రేమింపుమని బలవంతము చేయుటయు అట్టి తప్పే.

కుటుంబ కలహములు మఠముల సన్నిధికి వచ్చుట మన సమాజమున ప్రాచీనమైన ఆచారము. గురువు ముందు దంపతులిరువురును తలవంచుదురు. అచ్చట భర్తకు నాలుగు మాటలు చెప్పి, ఇల్లాలిని ‘సర్దుకొనుము తల్లీ’ అని పంపుట సులభమైన మార్గము. దెబ్బలు తినుచున్న స్త్రీకి ఆ మాట చెప్పుట సర్దుబాటు కాదు. ఆమెను మరల దెబ్బలకు అప్పగించుట. ఆమెకు రక్షణనిచ్చు గృహహింస నిరోధక చట్టము 2005లో వచ్చినది. దెబ్బలు లేనిచోట సైతము తొందరపెట్టి క్షమింపజేయుట ప్రమాదకరము. 1955 నాటి హిందూ వివాహ చట్టము వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి తన పరిధిలో చేర్చినది. ఆ చట్టపు 23వ సెక్షను ప్రకారము భర్త వ్యభిచారమును గాని, క్రూరత్వమును గాని భార్య ఒకసారి క్షమించినచో, దానినే కారణముగా చూపి విడాకులు కోరుటకు వీలుండదు. భర్తకును ఇదే నియమము. పెద్దల మొగము చూచి, సిగ్గుతో తల ఊపిన ఇల్లాలికి తానేమి వదలుకొనుచున్నదో తెలియదు. పక్కనున్నవారెవ్వరును చెప్పరు.

అదే విషయమున 1975లో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు మరియొక మాట చెప్పెను. భార్యాభర్తల నడుమ క్షమ షరతుతో కూడినది. తప్పు మరల జరుగకూడదనుట దానిలో ఇమిడియున్న షరతు. మరల జరిగినచో క్షమింపబడిన పాత తప్పును తిరిగి లేచును. ఈ రెండు సంగతులను ఇల్లాలికి విడిగా కూర్చుండబెట్టి వివరించి, ఆలోచించుకొనుటకు గడువిచ్చి, ఆ పిమ్మటనే దంపతులను మరల పిలిపించుట ప్రతి మఠమునందును జరుగదగిన పని. ఆ గడువు ఒక మాసము కావచ్చును, ఒక సంవత్సరము కావచ్చును. అంతవరకు ఆమె పుట్టినింట నున్నను, వేరు గదిలో నున్నను, దానిని లోపముగా ఎవ్వరును లెక్కింపరాదు.