కళాకారులకు న్యాయసాయం: లా విద్యార్థి ఇంటర్న్‌షిప్

చిత్రకారులు, గాయకులు, రచయితలు, బొమ్మల పనివారు న్యాయవాది గడప తొక్కేది ఎక్కువగా సంతకం పెట్టేశాకే. డబ్బు రాలేదనో, పేరు వేయలేదనో, తమ బొమ్మ ఇంకెవరి చీర మీదో అచ్చయి కనిపించిందనో వస్తారు. చేతిలో ఉండే ఆధారాలు అంతంతమాత్రం. నాలుగు వాట్సాప్ సందేశాలు, అడ్వాన్స్ ముట్టినట్టు పాస్‌బుక్‌లో ఒక వరస, చదవకుండా సంతకం చేసిన మూడు పేజీల అగ్రిమెంటు. ఆ కాగితాలను తేదీల వారీగా సర్ది, జరిగినదంతా ఓపికగా రాబట్టి, న్యాయవాది చూసి నిర్ణయం తీసుకోగలిగే రూపానికి తేవడమే ఈ రంగంలో లా విద్యార్థి చేసే ఇంటర్న్‌షిప్. పెద్ద లా ఫర్ముల్లో ఇచ్చే స్టైపెండ్ ఇక్కడ ఆశించలేం, చాలాచోట్ల అసలే ఉండదు. అయినా కక్షిదారు ఎదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం చదువుకునే రోజుల్లోనే ఇచ్చే పని కాబట్టి, దీన్ని ఖాళీ సెలవులు నింపుకునే వ్యవహారంగా చూడటం పొరపాటు.

ఈ తరహా సేవకు తొలి దారి వేసింది న్యూయార్క్. ఫీజు భరించలేని కళాకారులకు స్వచ్ఛందంగా వాదించే న్యాయవాదులను జతచేసేందుకు 1969లో అక్కడ వాలంటీర్ లాయర్స్ ఫర్ ది ఆర్ట్స్ ఏర్పడింది. 1974లో కాలిఫోర్నియాలో, 1983లో ఆస్ట్రేలియాలో అలాంటి సంస్థలే వచ్చాయి. మన దేశంలో ఈ పని వేర్వేరు చోట్ల చెదిరి ఉంది. న్యాయ కళాశాలల లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలు, కాపీరైట్, ట్రేడ్‌మార్క్ కేసులు చూసే న్యాయవాదుల ఆఫీసులు, హస్తకళాకారుల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థలు విద్యార్థి తలుపు తట్టాల్సిన చోట్లు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయానికి అర్హులు. కలంకారీ బట్టకు రంగులద్దే మహిళల్లో చాలామందికి ఈ సంగతే చేరలేదు. 15100 అనే జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) హెల్ప్‌లైన్ నంబరును వాళ్ల ఊళ్లో నలుగురికి తెలిసేలా చేయడం కూడా ఇంటర్న్ చేయదగిన పనే.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి నిబంధనల ప్రకారం మూడేళ్ల లా కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఏ ఏడాదిలోనూ ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. స్వచ్ఛంద సంస్థలో చేసిన కాలాన్ని కూడా ఇందులో లెక్కిస్తారు. అయితే కోర్సు మొత్తంలో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు న్యాయవాదుల దగ్గర పనిచేసి తీరాలి. కోర్టులో వాదించే హక్కు అడ్వొకేట్స్ చట్టం ప్రకారం నమోదైన న్యాయవాదులది. అందువల్ల విద్యార్థి వకాల్తా వేయలేడు, నోటీసు మీద సంతకం చేయలేడు, సొంతంగా సలహా ఇవ్వకూడదు. 'కేసు గెలుస్తామా?' అని కళాకారుడు ఆశగా అడిగినప్పుడు 'సార్‌తో మాట్లాడి చెబుతాం' అనడం చిన్నతనం కాదు. ఆ సమయంలో అనాల్సిన మాట అదే.

పనిలో ఎక్కువ భాగం ఒప్పందాలు చదవడం. కాపీరైట్ చట్టం, 1957లోని 17, 18, 19, 57 సెక్షన్లు బాగా వంటబట్టించుకుంటే వచ్చే ఫైళ్లలో సగం అర్థమవుతాయి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలని, సంతకం ఉండాలని, ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో స్పష్టంగా రాయాలని 19వ సెక్షన్ చెబుతుంది. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. నవలను సినిమాకు ఇచ్చేశాను, ఇక జన్మలో తిరిగి రాదని బెంగపడే రచయిత అగ్రిమెంటులో కాలం ఊసే లేకపోవచ్చు. ఆ ఖాళీని పట్టుకోవడం ఇంటర్న్ కన్నుకు పరీక్ష. హక్కులు తీసుకున్నవారు ఏడాదిలోగా వాటిని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ బదిలీ చెల్లకుండా పోతుంది.

17వ సెక్షన్ మాత్రం కళాకారులకు చేదు మాత్ర. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకున్నా, చిత్రపటం గీయించుకున్నా, వేరే ఒప్పందం లేకుంటే దాని తొలి కాపీరైట్ యజమాని గీయించుకున్నవారే. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే ఆర్డరు తీసుకునేటప్పుడే చిత్రకారుడు ఒక వాక్యం అదనంగా రాయించుకుంటాడు. 57వ సెక్షన్ కొంత ఊరట. కాపీరైట్ అమ్మేసినా, కర్తగా తన పేరు ఉండాలనే హక్కు, పేరుప్రతిష్ఠలకు భంగం కలిగేలా తన కృతిని వికృతం చేయడాన్ని అడ్డుకునే హక్కు కళాకారుడి దగ్గరే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీశారు, ఆ క్రమంలో అది దెబ్బతింది. ఆయన కోర్టుకెక్కారు. శిల్పం అవశేషాలను తిరిగి అప్పగించాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ పూర్తి పాఠం చదవాల్సిన తీర్పు ఇది. సినిమా పాటల విషయంలో 2012 సవరణ తెచ్చిన మార్పును కూడా గుర్తుంచుకోవాలి. సినిమాహాల్లో ప్రదర్శన మినహా ఇతర వాడకాల మీద వచ్చే రాయల్టీలో గీత రచయితకు, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉంటుంది. దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు.

తెలుగు నేల మీద ఈ పని చేసే విద్యార్థికి హస్తకళలు ఎదురుకాకుండా ఉండవు. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది, మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ ఆ గుర్తింపు కాపాడేది కళ పేరును, ఒక్కో కళాకారుడి సొంత చిత్రాన్ని కాదు. తరతరాలుగా వస్తున్న నెమలి, లత, రామాయణ ఘట్టం ఎవరి సొత్తూ కాకపోయినా, వాటిని ఒకరు తన ఊహతో కూర్చిన తీరు వారి సొంతం. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన డిజైన్‌ను నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువసార్లు తయారు చేస్తే దాని మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ అంటుంది. చేతి అచ్చును పారిశ్రామిక పద్ధతి అనవచ్చా? వాదనకు తావున్న ప్రశ్న ఇది. దీని మీద నోట్ రాసి సీనియర్‌కు ఇచ్చే ఇంటర్న్ పుస్తకాల్లో దొరకని చదువు చదివినట్టే. పోచంపల్లి ఇక్కత్, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు, చెరియాల నకాషీ చిత్రాలు, తోలుబొమ్మలు కూడా భౌగోళిక గుర్తింపు ఉన్నవే. సంఘం పేరిట రిజిస్ట్రేషన్ ఉన్నా పనివాడు విడిగా 'అధీకృత వినియోగదారు'గా నమోదయ్యాడా అన్నది ఫైలులో చూడాల్సిన మొదటి విషయం.

జానపద గాయకులది మరో చిక్కు. పాట కట్టినవారెవరో తెలియకపోవచ్చు, కానీ దాన్ని పాడిన గొంతుకు ప్రదర్శకుడి హక్కు ఉంది. అది 50 ఏళ్లు నిలుస్తుంది. యూట్యూబ్ ఛానల్‌వారు వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి రికార్డు చేసుకున్నప్పుడు, ఏ వాడకానికి ఒప్పుకున్నారన్నది సాక్ష్యంతో తేల్చాలి.

రావలసిన డబ్బు వసూలుకు కాపీరైట్ చట్టం ఒక్కటే మార్గం కాదు. సరుకు ఇచ్చేనాటికే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉన్న సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారుకు కొనుగోలుదారు 45 రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుందని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. ఉద్యమ్ నమోదు ఉచితం. కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు ఒక చిత్రానికి 500 రూపాయలు, ఆ చిత్రం సరుకుల మీద వాడేదైతే 2000. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది, ఉంటే రుజువు సులువవుతుంది. దావా వేయాల్సి వస్తే కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ కింద కళాకారుడు తాను ఉండే జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు ముంబై రైలెక్కనక్కర్లేదన్నమాట.

దరఖాస్తు రెండు మూడు నెలల ముందే పంపాలి. 'నాకు ఐపీ లా అంటే ఆసక్తి' అనే వాక్యం అందరూ రాసేదే. అంతకంటే ఒక తీర్పు మీద రాసిన రెండు పేజీల నోట్ జతచేస్తే పనికొస్తుంది. మంచి తెలుగు ఇక్కడ పెద్ద అర్హత. ఆంగ్లంలో ఉన్న షరతును నకాషీ చిత్రకారుడికి అర్థమయ్యే తెలుగులో చెప్పగలగాలి, ఆయన చెప్పిన గోడును తేదీలతో ఆంగ్లంలో రాయగలగాలి. మేస్త్రీ, అతని కింది పనివారు ఒకే క్లినిక్‌కు వస్తే ఇద్దరి ప్రయోజనాలు ఒకటి కావు. ఆ సంగతి వెంటనే పర్యవేక్షక న్యాయవాదికి చెప్పాలి.

పట్టా తర్వాత ఈ అనుభవం మేధోసంపత్తి లా ఫర్ములు, సినిమా నిర్మాణ సంస్థలు, ఓటీటీలు, మ్యూజిక్ లేబుళ్లు, ప్రచురణ సంస్థలు, కాపీరైట్ సొసైటీల్లో పనికొస్తుంది. సొంత ప్రాక్టీసు పెట్టాలంటే బార్ కౌన్సిల్‌లో నమోదై ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ఇంటర్న్‌షిప్ ముగిసే రోజున తన దగ్గరున్న ఒప్పందాల కాపీలు, ఫోన్‌లోని కాగితాల ఫొటోలు ఆఫీసుకు అప్పగించి చెరిపేయాలి. రెజ్యూమెలో చేసిన పని రాసుకోవచ్చు, కళాకారుల పేర్లు మాత్రం రాయకూడదు.