నిందలో సంతోషము
(అపొ. కార్య. 5:41)

దెబ్బలు తిని సభనుండి వెళ్లిన అపొస్తలులు ఏల సంతోషించిరి? నొప్పి లేక కాదు. ప్రభువు నామము నిమిత్తము ఆ అవమానము తమకు దొరకెనని.

మన గోదావరి సీమకు పొరుగున, మచిలీపట్టణములో, నోబుల్ దొరగారు 1843లో పాఠశాల పెట్టిరి. 1852లో అందలి విద్యార్థులు మంచాల రత్నము, ఐనాల భూషణము బాప్తిస్మము పొందగా పట్టణము కోపించెను. జనులు దొరగారి ఇల్లు చుట్టుముట్టిరి. బడి దాదాపు ఖాళీ అయ్యెను. అయినను ఆ యిద్దరు వెనుదీయక, తరువాత సంఘమునకు గురువులైరి.

కన్నవారికి అది కడుపుకోత యని మరువరాదు. కావున మన సంతోషము ఎదిరించువారిపై గెలుపు కాదు. ప్రభువు మనతో ఉన్నాడను నెమ్మదియే. వీధిలో నింద వినిన దినమున, అది మన దురుసు మాటవలన వచ్చెనా, ఆయన నామమువలన వచ్చెనా అని మొదట పరీక్షించుకొందము. మన తప్పైన క్షమాపణ అడుగుదము. కానియెడల నిందించినవానికొరకు ప్రార్థించి, సంతోషించుదము.