శ్రవణభాగ్యము – పాత కాసెట్ల పునరుద్ధరణము

భక్తిమార్గములు తొమ్మిదింటిని ప్రహ్లాదుడు తన తండ్రికి చెప్పినపుడు మొట్టమొదట పేర్కొన్నది శ్రవణము. కీర్తనము దాని తరువాతిది. ఈ క్రమమునందొక ఔచిత్యము కలదు. విననివాడు పాడజాలడు. పసిబిడ్డ తల్లి మాటలను విని విని గదా పలుక నేర్చును! వేదమునకు శ్రుతి యను పేరును శిష్యుడు గురుముఖమున విని గ్రహించుటచేతనే కలిగినది. కావున విన్నదానిని నిలుపుకొనుటయు భక్తిలో భాగమే. వినదగినది నశించినచో శ్రవణమునకు ఆధారమేది?

నేడు మన వైష్ణవ గృహములలో అట్టి నాదసంపద యొకటి అటకలపైనను, బీరువాల అడుగునను మౌనముగా నశించుచున్నది. 1970, 1980 దశకములలో మన పెద్దలు నింపి దాచిన కాసెట్లే యా సంపద. కొన్నిటియందు అంగడిలో కొన్న కీర్తనలు. మరికొన్నిటియందు ధనుర్మాసపు తిరుప్పావై గోష్ఠి, ఇంటి పెద్దావిడ లాలిపాట, గురువుగారు చెప్పిన సంథ. మొదటి రకము వెదకిన మరల దొరకును. రెండవ రకమునకు లోకమున మరియొక ప్రతి లేదు.

నాథమునులు విన్న పది పాశురములు

నష్టమైనదానిని వెదకి తెచ్చుట మన సంప్రదాయమునకు క్రొత్త గాదు. నాలాయిర దివ్యప్రబంధము లుప్తమైయున్న కాలమున, కాట్టుమన్నార్‌కోయిల్‌నందు నాథమునులు కొందరు యాత్రికులు పాడిన పది పాశురములను వినిరి. అవి కుంభకోణపు స్వామిని గూర్చిన నమ్మాళ్వారుల పాశురములు. వేయింటిలో ఇవి పది యని చివరి పాశురము సూచించుచున్నది. తక్కినవి ఏవి యని అడుగగా ఆ యాత్రికులకు తెలియలేదు. నాథమునులు కురుగూరునకు పోయి, మధురకవుల ప్రబంధమును పండ్రెండు వేల మారులు అనుసంధించి, ఆళ్వారుల అనుగ్రహమున నాలుగు వేల పాశురములను పొందిరని గురుపరంపర చెప్పుచున్నది. అంతతో ఆగక, వానికి రాగతాళములు కూర్చి తమ మేనల్లుండ్రగు ఇరువురకు నేర్పిరి.

ఇందు గ్రహింపదగినది యొకటి కలదు. గ్రంథము కనబడని కాలమున దారి చూపినది కంఠము. యాత్రికుల నోట నిలిచిన పది పాటలే వేయింటికి ఆనవాలైనవి.

రాగిరేకులు చెప్పిన పాఠము

దీనికి సరిగా ఎదురు కథ తాళ్లపాకవారిది. అన్నమాచార్యులు (1408–1503) ముప్పదిరెండు వేల సంకీర్తనములు రచించిరని ప్రసిద్ధి. ఆ వంశీయులవి రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున సంకీర్తన భాండాగారమందు భద్రపరచిరి. శతాబ్దముల పిమ్మట, 1922 ప్రాంతమున, అవి వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు పరిష్కరించి ప్రకటించిరి. నేడు లభించుచున్నవి 12,000కు మించియున్నవి.

రేకులపై ప్రతి పాటకును రాగము పేరున్నది గాని, స్వరములు లేవు. అన్నమయ్య ఏ వరుసలో పాడెనో రాగి చెప్పజాలదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు విద్వాంసులు తమ సంగీతపాండిత్యముతో క్రొత్తగా స్వరపరచుటచేతనే ఆ పాటలు మరల గొంతులనెక్కినవి. రాగి అక్షరమును కాచినది, కంఠమును కాపాడలేకపోయినది. కాసెట్టు కంఠమును కాచినది. అయితే దానికి రాగివంటి ఆయువు లేదు. కావుననే ఈ తొందర.

టేపు స్వభావము

సన్నని ప్లాస్టిక్కు పట్టీపై బంకతో అంటించిన అయస్కాంతధర్మముగల పొడియే టేపు. తేమ సోకిన బంక చెడును, బూజు పట్టును. కాలము గడచినకొలది పట్టీపై పొడి రాలును. ఒక చుట్టలోని ధ్వని ప్రక్క చుట్టలోనికి మెల్లగా దిగును. దానిని వినిపించు యంత్రములును అరుదైపోవుచున్నవి.

ఉద్ధరణ విధానము కష్టమైనది గాదు. బూజు పట్టిన కాసెట్టును యంత్రములో పెట్టరాదు. దానిని తెలిసినవారికి చూపవలెను. మంచివానిని ముందుగా ఒకమారు చివరివరకు త్రిప్పి, మరల వెనుకకు త్రిప్పవలెను. యంత్రపు తలను స్పిరిటు తడిపిన దూదితో తుడిచి, తీగతో కంప్యూటరునకు కలుపవలెను. కంప్యూటరు ధ్వనిని అంకెలుగా మార్చి గ్రహించును. శబ్దభాండారములవారు సెకనునకు 48,000 మారులకు తక్కువ గాకుండ కొలతలు తీయుదురు. అట్లు చేసిన గంటసేపు పాటకు సుమారొక గిగాబైటు చోటు పట్టును. ఎం.పి.3గా కుదించినది వినుటకు చాలును. దాచుటకు మాత్రము కుదింపని వేవ్ రూపమో, ధ్వని నష్టము లేక కుదించు ఫ్లాక్ రూపమో ఉండవలెను. హోరు తొలగించు తొందరలో తంబురా నాదమును గూడ తుడిచివేయరాదు. మూడు ప్రతులుండవలెను, అందొకటి వేరొక యింట నుండవలెను. గాయకుని పేరు, సంవత్సరము, రాగము, సాహిత్యము వ్రాసి జతపరుపవలెను. రేకుల కొరతయు టేపుల కొరతయు అప్పుడే తీరును.

ఈ పనిలో త్వరపడుటకు వీలులేదు. అరువది నిమిషముల కాసెట్టునకు అరువది నిమిషములును పట్టును. మా యింట నలుబది కాసెట్లు ఇట్లు మార్చుటకు మా మనుమడు రెండు నెలలు రాత్రులు కూర్చుండెను. పని వానిది, వినుట అందరిదైనది. మా తల్లిగారు పాడిన పవళింపు పాట, నడుమ ఎవరో పిల్లను “అక్కడ దీర్ఘము తీయకే, స్వామి నిద్రపోవుచున్నాడు” అని మందలించిన మాటతో గూడ వినవచ్చినది. ఆ వరుస తెలిసినవారు మా బంధువులలో ఎవరును మిగిలియుండలేదు. ఇప్పుడు మా మనుమరాలు ప్రతి శుక్రవారమును పాడుచున్నది. ఒక కాసెట్టు మాత్రము రెండవ ప్రక్క పూర్తిగా చెడిపోయినది. అందేమి యుండెనో చెప్పగలవారిప్పుడు లేరు.

ఒక సంశయము

యంత్రమున వినుట గురుముఖశ్రవణమగునా యని కొందరడుగుదురు. కాదు. శిష్యుని తప్పును యంత్రము దిద్దజాలదు, అధికారానధికారములను ఎరుగదు. వేదమును, ప్రబంధమును ఆచార్యుని సన్నిధినే అభ్యసింపవలెను. అయితే గురువు పరమపదించిన పిమ్మట ఒక పదము విరుపున శిష్యులకు వివాదము కలిగినచో, ఆయన స్వరమే సాక్ష్యమిచ్చుట మేలు గదా! యంత్రము గురువు గాదు, గురువునకు సాక్షి.

కావున భక్తమహాశయులారా, రాబోవు ధనుర్మాసమునకు ముందే మీ అటకలను శోధింపుడు. ఇంట వృద్ధులున్నచో కాసెట్టు వినిపించి, అది ఎవరి గొంతో అడిగి వ్రాసికొనుడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు టేపు కంటె ముందే మనకు దూరము కావచ్చును. విన్నదానిని ఒక బిడ్డకైనను నేర్పుడు. దాచినది నిధి, పాడినది సేవ. గానప్రియుడగు శ్రీనివాసుడు మన యిండ్ల మూగవోయిన గొంతులను మరల తన సన్నిధికి చేర్చుకొనుగాక!